స్టీరింగ్ క్లాక్ స్ప్రింగ్ పాడైతే: పాత కార్ల యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

హారన్ మోగడం లేదన్న ఫిర్యాదుతో మొదలై ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదన్న దిగులు దాకా, ఈ భాగం గురించి వచ్చే సందేహాలు దాదాపు అవే. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను. మన రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాత స్విఫ్ట్, ఐ10, ఐ20, హోండా సిటీ, ఇన్నోవా వంటి ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లను దృష్టిలో ఉంచుకుని రాసినవి ఇవి. వరుసగా చదవనవసరం లేదు, మీ ప్రశ్న ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగండి.

## ముందు సంగతులు

క్లాక్ స్ప్రింగ్ అంటే ఏమిటి? స్టీరింగ్‌లో స్ప్రింగ్ ఎందుకు?

పేరుకే స్ప్రింగ్. నిజానికి అది గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో చాపలా చుట్టి పెట్టిన పలుచని రిబ్బన్ తీగ. స్టీరింగ్ చక్రం తిరుగుతుంది, దాన్ని పట్టి ఉంచే కింది గొట్టం, అంటే కాలమ్, తిరగదు. తిరిగే చక్రంలోని ఎయిర్‌బ్యాగ్‌కు, హారన్‌కు, ఆడియో బటన్లకు తిరగని వైరింగ్ నుంచి కరెంటు అందాలి. మామూలు తీగ వేస్తే నాలుగు మలుపులకే మెలిపడి తెగిపోతుంది. ఈ రిబ్బన్ మాత్రం చక్రం ఒకవైపు తిరిగితే బిగుసుకుంటుంది, రెండోవైపు తిరిగితే వదులవుతుంది, కనెక్షన్ ఎక్కడా తెగదు.

నా కారు చాలా పాతది. ఇందులో క్లాక్ స్ప్రింగ్ ఉందా?

డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే తప్పకుండా ఉంటుంది. స్టీరింగ్ మధ్య భాగం మీద ఎస్‌ఆర్‌ఎస్ అనో ఎయిర్‌బ్యాగ్ అనో అచ్చు ఉందేమో చూడండి. మారుతి 800, అంబాసిడర్, ఓమ్నీ వంటి వాటిలో ఎయిర్‌బ్యాగ్ లేదు. వాటి హారన్ ఒక లోహపు వలయం, దాన్ని రాసుకుంటూ ఉండే ఒక కాంటాక్టుతో నడుస్తుంది. అక్కడ సమస్య వస్తే తుడిచి, కాంటాక్టు సరిచేస్తే చాలు. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచే. అంతకు ముందరి కార్లలో ఒకే మోడల్‌లో కింది రకానికి ఎయిర్‌బ్యాగ్ లేకపోవడం, పై రకానికి ఉండటం మామూలే. పక్కింటివారి స్విఫ్ట్‌లో ఉంది కాబట్టి మీ స్విఫ్ట్‌లోనూ ఉంటుందని అనుకోకండి.

బాగానే ఉన్న క్లాక్ స్ప్రింగ్ ఎందుకు తెగుతుంది?

వయసు ఒక కారణం. వేలసార్లు చుట్టుకుని విడిపోయిన రిబ్బన్ మడత దగ్గర అలసిపోతుంది. లోపలికి దుమ్ము చేరితే ఇంకాస్త త్వరగా అరిగిపోతుంది. అయితే అకస్మాత్తుగా తెగిన వాటిలో చాలావాటి వెనుక మనిషి చెయ్యే ఉంటుంది. స్టీరింగ్ రాక్ (చక్రం తిప్పితే ముందు టైర్లను మలిపే భాగం) బాగుచేయడానికి కాలమ్ కింది జాయింట్ విప్పుతారు. అప్పుడు చక్రాన్ని ఆపేది ఏదీ ఉండదు. ఎవరో దాన్ని అటూఇటూ తిప్పి వదిలేస్తారు. తిరిగి బిగించేటప్పుడు చక్రం నిటారుగానే కనిపిస్తుంది కానీ క్లాక్ స్ప్రింగ్ ఒక పూర్తి చుట్టు పక్కకు జరిగి ఉంటుంది. ఆ రోజు ఏమీ కాదు. ఇరుకు సందులో కారు వెనక్కి తిప్పడానికి స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పిన రోజున రిబ్బన్ తెగుతుంది. అప్పటికి రాక్ పని సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు.

## లక్షణాలు, నిర్ధారణ

హారన్ నేరుగా వెళ్తున్నప్పుడు మోగడం లేదు, మలుపులో మాత్రం మోగుతోంది. ఇదేనా?

ఇదే. దాదాపు సందేహం అక్కర్లేదు. రిబ్బన్‌లోని రాగి దారి తెగి, రెండు కొసలు ఒక కోణంలో తగులుతూ మరో కోణంలో విడిపోతున్నాయి. బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా హారన్ నొక్కి పట్టి స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి మరో చివరికి నెమ్మదిగా తిప్పండి. మధ్యలో హారన్ తెగుతూ, కలుస్తూ ఉంటే విషయం తేలినట్టే. ఇరుగుపొరుగు నిద్రపోయే వేళ చేయకండి.

హారన్ అసలు మోగడం లేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం మామూలుగానే ఉంది. క్లాక్ స్ప్రింగ్ మార్చమంటున్నారు, మార్చాలా?

ఆగండి. ముందు హారన్ ఫ్యూజు చూడండి. తర్వాత రిలే, అంటే హారన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు. ఫ్యూజు పెట్టెలో అదే రకం రిలే మరొకటి ఉంటే రెండింటినీ తారుమారు చేసి చూడటం రెండు నిమిషాల పని. ఆ తర్వాత బానెట్ తెరిచి హారన్‌కు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి చూడండి. వర్షాకాలంలో నీళ్లు చేరి హారన్ చచ్చిపోవడం సాధారణం. ఈ మూడూ బాగుంటేనే అనుమానం స్టీరింగ్ వైపు వెళ్లాలి. అక్కడ కూడా హారన్ మెత్త కింది కాంటాక్టులు తుప్పు పట్టి ఉండవచ్చు. ఎయిర్‌బ్యాగ్‌కు, హారన్‌కు రిబ్బన్‌లో వేర్వేరు దారులు ఉంటాయి కాబట్టి హారన్ దారి ఒక్కటే తెగడం కూడా సాధ్యమే. కానీ అది ఆఖరున చూడవలసిన విషయం, మొదట కాదు.

హారన్ బాగానే ఉంది, ఆడియో బటన్లు కూడా పనిచేస్తున్నాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు ఒక్కటే ఆరడం లేదు. ఇదీ క్లాక్ స్ప్రింగేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ లైటుకు కారణాలు చాలా. ముందు సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే, సీటును ముందుకూ వెనక్కూ జరపడం వల్లో, కారు కడిగేవారి చెయ్యి తగలడం వల్లో అవి వదులవుతాయి. సీటు బెల్టు బిగించే పరికరం, ముందు బంపరు వెనుక సెన్సర్, బలహీనమైన బ్యాటరీ, గతంలో గుద్దుకున్న బండిలో మార్చకుండా వదిలేసిన ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్, ఇవన్నీ ఆ లైటును వెలిగిస్తాయి. లైటును చూసి భాగం కొనడం డబ్బు దండగ. స్కానర్ పెట్టించి ఏ సర్క్యూట్ అని చెబుతుందో చూసి కొనండి.

స్కానర్ కోడ్ చూపించింది. దాని అర్థం ఏమిటి?

డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ అనో, తీగ తెగింది అనో వస్తే క్లాక్ స్ప్రింగ్ మీద అనుమానం బలపడుతుంది. హ్యుందాయ్ కార్లలో బి1346 ఈ రకానికి చెందినది. టొయోటాలో డ్రైవర్ వైపు తీగ తెగితే బి1801 వస్తుంది. రెసిస్టెన్స్ తక్కువ అని చూపిస్తే రిబ్బన్‌లోని రెండు దారులు ఒకదానికొకటి తగులుకుంటున్నాయని అర్థం. ప్యాసింజర్ వైపు అనో, సీటు బెల్టు అనో వస్తే క్లాక్ స్ప్రింగ్ జోలికి పోవద్దు. ఆ సర్క్యూట్లు దాని గుండా వెళ్లవు.

ఒక జాగ్రత్త. ఫోనుకు కలుపుకునే చౌక ఓబీడీ పరికరాలు చాలావరకు ఇంజిన్ కోడ్లనే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌తో మాట్లాడలేవు. వాటిలో తప్పు ఏమీ కనిపించలేదంటే తప్పు లేదని కాదు.

స్టీరింగ్ తిప్పుతుంటే లోపల గరగరమని, కాగితం నలిగినట్టు శబ్దం. ప్రమాదమా?

చక్రం వెనుక ప్లాస్టిక్ కవరు కాలమ్ కవరుకు రాసుకున్నా ఇలాంటి శబ్దమే వస్తుంది. చక్రాన్ని ఈ మధ్య ఎవరైనా విప్పారా అని మొదట గుర్తు చేసుకోండి. కాదంటే రిబ్బన్ డబ్బాలో మడతపడి నలుగుతూ ఉండవచ్చు. లైటు ఇంకా రాకపోయినా త్వరలో వస్తుంది. స్టీరింగ్ బరువెక్కడం, పట్టుకున్నట్టు ఉండటం కూడా తోడైతే అది క్లాక్ స్ప్రింగ్ పని కాదు. వెంటనే రాక్, కాలమ్ జాయింట్లు చూపించండి.

మల్టీమీటర్ ఉంది. నేనే పరీక్షించుకోవచ్చా?

క్లాక్ స్ప్రింగ్‌ను పూర్తిగా బయటికి తీశాక పరీక్షించవచ్చు. ఒకవైపు పిన్నుకు, రెండోవైపు దానికి సరిపడే పిన్నుకు మీటరు పెట్టి, డబ్బాను నెమ్మదిగా ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పండి. రీడింగ్ ఎక్కడా తెగకుండా, ఓము కంటే తక్కువలో నిలకడగా ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లలో పిన్నులను కలిపి ఉంచే చిన్న లోహపు పట్టీ ఉంటుంది. కనెక్టర్ విప్పగానే రెండు పిన్నులను కలిపేసి, పొరపాటున బ్యాగ్ పేలకుండా కాపాడటానికి పెట్టినది అది. అది తగులుతూ ఉంటే రెండు దారులు షార్ట్ అయినట్టు మీటరు అబద్ధం చెబుతుంది.

ఎయిర్‌బ్యాగ్‌కు మాత్రం మీటరు పెట్టవద్దు. దాన్ని పేల్చే ఇగ్నైటర్ రెసిస్టెన్స్ సుమారు రెండు ఓములు. అది తెలుసుకోవాలన్న కుతూహలం ఎంత ఉన్నా సరే, మీటరు నుంచి వెళ్లే చిన్న కరెంటుతో కూడా దాన్ని పరీక్షించకూడదని తయారీదారులందరూ చెబుతారు.

## మార్చేలోగా

ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుండగానే కారు నడపవచ్చా?

కారు నడుస్తుంది, బ్రేకులు పడతాయి, స్టీరింగ్ తిరుగుతుంది. గుద్దుకున్నప్పుడు బ్యాగ్ విచ్చుకుంటుందన్న భరోసా మాత్రం ఉండదు. ఆ లైటు అర్థం అదే. బ్యాగ్ తెరుచుకోవడానికి ఉండే సమయం సుమారు 30 మిల్లీసెకన్లు. ఆ క్షణంలో రిబ్బన్ కొసలు తగిలి ఉన్నాయా లేదా అన్న అదృష్టం మీద ప్రాణం పెట్టడం ఎందుకు? ఊళ్లో రెండు రోజులు నడపవలసి వస్తే నడపండి. జాతీయ రహదారి మీద దూర ప్రయాణం పెట్టుకోకండి. హారన్ కూడా పోయి ఉంటే మన రోడ్ల మీద అది ఇంకా పెద్ద ఇబ్బంది, చట్టం ప్రకారం హారన్ తప్పనిసరి కూడా.

క్లాక్ స్ప్రింగ్ తెగితే ఎయిర్‌బ్యాగ్ దానంతట అదే పేలిపోతుందా?

తెగిన సర్క్యూట్‌కు కరెంటు అందదు కాబట్టి మామూలుగా జరిగేది దానికి వ్యతిరేకం, అవసరమైనప్పుడు పేలకపోవడం. బిగించేటప్పుడో విప్పేటప్పుడో బ్యాటరీ తీయకుండా తీగలతో ఆడుకుంటే మాత్రం ప్రమాదం నిజమైనదే. భయపడవలసింది రోడ్డు మీద కాదు, షెడ్డులో.

ఒక మెకానిక్ చిన్న రెసిస్టర్ పెడితే లైటు ఆరిపోతుందని, ఖర్చు చాలా తక్కువని చెప్పాడు. పెట్టించనా?

వద్దు. ఆ రెసిస్టర్ చేసేది ఒకటే పని, ఎయిర్‌బ్యాగ్ ఉందని కంట్రోల్ యూనిట్‌ను నమ్మించడం. లైటు ఆరుతుంది, బ్యాగ్ శాశ్వతంగా చచ్చిపోతుంది. వెలిగే లైటు కనీసం నిజం చెబుతుంది. ఇది మరమ్మతు కాదు, మోసం. మీ తర్వాత ఆ కారు కొనేవారిని కూడా మోసం చేయడం.

పాత కారు కొనేటప్పుడు దీన్ని పట్టుకోవాలంటే తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరుతుందో లేదో చూడండి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారు. ఇంకో లైటుతో కలిసి వెలిగి కలిసే ఆరిపోతే దాని తీగను వేరే లైటుకు కలిపారు. రెసిస్టర్ పెట్టిన కారులో లైటు మామూలుగానే ఆరుతుంది కాబట్టి ఆ పని మాత్రం చక్రం విప్పితేనే బయటపడుతుంది.

## బాగు చేయాలా, కొత్తది కొనాలా

తెగిన రిబ్బన్‌ను అతికించి వాడుకోవచ్చా?

చేసేవాళ్లు ఉన్నారు. డబ్బా తెరిచి, తెగిన చోట ప్లాస్టిక్ పొర గీకి, టంకం పెడతారు. ఆడియో బటన్ల దారి వరకైతే నాకు అభ్యంతరం లేదు, పోతే పాట మారదు అంతే. ఎయిర్‌బ్యాగ్ దారికి మాత్రం ఒప్పుకోను. రాగి పొర చాలా పలుచన, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ టంకం వేడికి కరిగిపోతుంది. టంకం పెట్టిన చోట రిబ్బన్ గట్టిపడి మళ్లీ అక్కడే, లేదా దాని అంచున విరుగుతుంది. రెసిస్టెన్స్ కాస్త మారినా లైటు మళ్లీ వస్తుంది. కొంతమంది ఆడియో దారిని ఎయిర్‌బ్యాగ్‌కు మళ్లిస్తారు, అదీ అంతే. ఒక దారి అలసి తెగిందంటే పక్క దారులు కూడా అదే వయసువి.

ఆటోనగర్‌లో విప్పిన బండి నుంచి పాతది దొరుకుతోంది. తీసుకోనా?

విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ ఆటోనగర్‌లోనో దొరికే తలుపు అద్దం, సీటు, హెడ్‌లైటు కొనడంలో తప్పులేదు. క్లాక్ స్ప్రింగ్ విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, అది ఏ బండి నుంచి వచ్చిందో తెలియదు. ఎయిర్‌బ్యాగ్ పేలిన బండిదైతే ఆ వేడి, అదురు తగిలి ఉంటుంది. బ్యాగ్ పేలితే క్లాక్ స్ప్రింగ్ కూడా మార్చమని చాలామంది తయారీదారులు చెప్పేది అందుకే. రెండోది, విప్పినవారు దాని మధ్య స్థానాన్ని కాపాడి ఉండరు, బల్ల మీద చుట్టుకుంటూ ఆడి ఉంటారు. వేరే దారి లేక కొనాల్సి వస్తే మీటరుతో పూర్తిగా రెండు చివరలా తిప్పి పరీక్షించాకే డబ్బు ఇవ్వండి.

దుకాణంలో ఏమని అడగాలి?

హ్యుందాయ్‌కి క్లాక్ స్ప్రింగ్ అంటే చాలు. టొయోటా వాళ్లు స్పైరల్ కేబుల్ అంటారు, మారుతి భాగాల పట్టికలో కాంటాక్ట్ కాయిల్ అని, హోండాలో కేబుల్ రీల్ అని ఉంటుంది. పేరు కంటే నంబరు ముఖ్యం. మీ ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ భాగం నంబరు తీయించుకోండి, వీలైతే పాతది విప్పి దాని మీది నంబరుతో పోల్చండి. ఒకే మోడల్‌లో ఆడియో బటన్లు ఉన్నదానికి, లేనిదానికి కనెక్టర్ పిన్నులు తేడాగా ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు డబ్బాలు ఒకదాని చోట ఒకటి పనిచేయకపోవడం చాలామందికి ఇంటికి వచ్చాకే తెలుస్తుంది.

లోకల్ భాగం చౌకగా వస్తోంది. కంపెనీది తప్పనిసరా?

హారన్, ఆడియో మాత్రమే లెక్కలోకి తీసుకుంటే లోకల్‌తో పని జరుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ కరెంటు వెళ్లే దారి కాబట్టి నేను కంపెనీ భాగానికో, కంపెనీలకు సరఫరా చేసే పేరున్న సంస్థ భాగానికో ఓటు వేస్తాను. లోకల్ వాటిలో కనిపించే లోపాలు రెండు. కనెక్టర్ లాక్ సరిగ్గా పడకపోవడం ఒకటి, రిబ్బన్ పొడవు కాస్త తక్కువ ఉండటం రెండోది. రెండోది ఆరు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పుడు దుకాణం అతను మిమ్మల్ని గుర్తుపట్టడు.

కంపెనీ ఉచితంగా మార్చే అవకాశం ఏమైనా ఉందా?

కొన్ని కార్లకు ఉంది. 2014 ఏప్రిల్‌లో టొయోటా ప్రపంచవ్యాప్తంగా లక్షల కార్లను ఇదే స్పైరల్ కేబుల్ లోపం మీద వెనక్కి పిలిచింది, వాటిలో మన దేశపు పాత ఇన్నోవాలు కూడా ఉన్నాయి. అమెరికాలో 2015లో ఫోక్స్‌వాగన్ కూడా క్లాక్ స్ప్రింగ్ మీద ఇలాంటి పని చేసింది. మీ కారు కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూడండి.

ఆ చేత్తోనే ఎయిర్‌బ్యాగ్ రీకాల్ కూడా చూసుకోండి. టకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లు వేడి, తేమ ఎక్కువున్న చోట కాలక్రమంలో చెడి, పేలినప్పుడు లోహపు ముక్కలను చిమ్ముతాయని తేలి ప్రపంచమంతా కోట్లాది కార్లకు వాటిని మార్చారు. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఏళ్లుగా ఎండలో నిలిచే పాత హోండా, టొయోటా కార్లవారు దీన్ని వాయిదా వేయకూడదు.

బీమా వర్తిస్తుందా?

వయసుతో అరిగి తెగితే వర్తించదు. సాధారణ మోటారు పాలసీ అరుగుదలకు, ఎలక్ట్రికల్ వైఫల్యానికి డబ్బు ఇవ్వదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ పేలి, దానితో పాటు మార్చవలసి వస్తే క్లెయిమ్ అంచనాలో దీన్ని కూడా చేర్చమని అడగండి.

## విప్పడం

ఈ పని ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

పానాలు పట్టడం అలవాటుండి, తొందరపడని స్వభావం ఉన్నవారు చేసుకోవచ్చు. పని కష్టమైనది కాదు, కానీ మధ్యలో ఉన్నది పేలుడు పదార్థం. బ్యాటరీ విప్పాలని మీకు ఇంతకు ముందు తెలియకపోతే, బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేకపోతే, మీ కారు మాన్యువల్ దొరకకపోతే మెకానిక్‌కే వదిలేయండి. పక్కన నిలబడి చూడండి, ఆ హక్కు మీకుంది.

ఏమేం కావాలి?

ఎయిర్‌బ్యాగ్ స్క్రూలకు చాలా జపాన్ కార్లలో టీ30 టార్క్స్ బిట్టు, కొన్ని హ్యుందాయ్ కార్లలో 10 మిల్లీమీటర్ల సాకెట్. మరికొన్నింటిలో స్క్రూలే ఉండవు, చక్రం వెనుక రంధ్రాల్లోంచి సన్నని స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగ్ క్లిప్పులను నొక్కాలి. స్టీరింగ్ నట్టుకు కారును బట్టి 17 నుంచి 21 వరకు సాకెట్లు. బ్యాటరీకి 10 పానా. గుర్తు పెట్టడానికి మార్కర్, ప్రతి దశలో ఫొటో తీయడానికి ఫోను.

బ్యాటరీ తీశాక ఎంతసేపు ఆగాలి? వెంటనే మొదలుపెడితే ఏమవుతుంది?

ప్రమాదంలో బ్యాటరీ నలిగిపోయినా బ్యాగ్ పేలాలి కాబట్టి కంట్రోల్ యూనిట్‌లో కెపాసిటర్ కొంత కరెంటును దాచుకుంటుంది. అది ఖాళీ అయ్యేదాకా ఆగాలి. టొయోటా 90 సెకన్లు అంటుంది, హోండా మూడు నిమిషాలు అంటుంది. ఏ కారైనా సరే, నెగటివ్ తీగ విప్పి పది నిమిషాలు టీ తాగి రండి. తీగ దానంతట అది తిరిగి తగలకుండా గుడ్డ చుట్టండి. ఇంకో మాట, బ్యాటరీ తీసే ముందే ముందు చక్రాలు నేరుగా ఉండేలా స్టీరింగ్ నిలబెట్టండి, ఆడియోకు కోడ్ అడిగే కారైతే ఆ కోడ్ దగ్గర పెట్టుకోండి.

ఎయిర్‌బ్యాగ్‌ను ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలి?

బయటికి కనిపించే మెత్త భాగం మీ ఒంటికి దూరంగా ఉండేలా పట్టుకోండి. కింద పెట్టేటప్పుడు ఆ భాగం ఆకాశం వైపు ఉండాలి. బోర్లా పెడితే, ఏ కారణం చేతనైనా పేలితే మొత్తం లోహపు ముక్క తారాజువ్వలా పైకి లేస్తుంది. ఎండలో, పొయ్యి దగ్గర, పిల్లలు తిరిగే చోట పెట్టవద్దు. దాని మీద ఏమీ పెట్టవద్దు. పసుపు కనెక్టర్ల లాక్ ముందు పైకి లేపి ఆ తర్వాతే లాగాలి, తీగ పట్టుకుని లాగకూడదు.

నట్టు విప్పినా స్టీరింగ్ చక్రం బయటికి రావడం లేదు. సుత్తితో కొట్టనా?

కొట్టవద్దు. కాలమ్ లోపలి భాగాలు ప్రమాదంలో కుదించుకుపోయేలా తయారైనవి, దెబ్బకు పాడవుతాయి. నట్టును పూర్తిగా తీసేయకుండా రెండు మూడు చుట్లు మిగిల్చి, చక్రాన్ని రెండు చేతులతో ఎడమా కుడీ ఊపుతూ మీ వైపు లాగండి. నట్టు లేకుండా లాగితే ఒక్కసారిగా వదిలి ముఖానికి తగులుతుంది. అప్పటికీ రాకపోతే స్టీరింగ్ పుల్లర్ వాడాలి. లాగే ముందు షాఫ్టు మీద, చక్రం మీద కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీయడం మరవకండి.

## బిగించడం

కొత్త క్లాక్ స్ప్రింగ్‌ను మధ్యలోకి ఎలా తేవాలి? ఈ ఒక్క పనికే అందరూ భయపెడుతున్నారు.

భయపడాల్సిన పనే ఇది, ఎందుకంటే తప్పు చేస్తే కొత్తది కూడా తెగుతుంది. కంపెనీ నుంచి వచ్చే కొత్త భాగం మధ్య స్థానంలోనే, తిరగకుండా పిన్నుతోనో టేపుతోనో లాక్ చేసి వస్తుంది. ముందు టైర్లు నేరుగా ఉన్నాయని చూసుకుని, దాన్ని కాలమ్‌కు బిగించాకే ఆ పిన్ను తీయాలి.

పిన్ను ముందే ఊడిపోతే ఇలా చేయండి. డబ్బాను సవ్యదిశలో చేత్తో నెమ్మదిగా తిప్పండి. గట్టిగా తగిలినచోట ఆపండి, బలం పెట్టవద్దు. అక్కడి నుంచి అపసవ్యదిశలో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. చాలా కార్లలో మొత్తం అయిదు చుట్ల దాకా ఉంటుంది కాబట్టి మధ్య అంటే సుమారు రెండున్నర చుట్లు వస్తాయి. మీ కారు లెక్క మాన్యువల్‌లోనో డబ్బా మీది స్టిక్కర్‌లోనో ఉంటుంది, అదే ప్రమాణం. చివరగా డబ్బా మీది బాణం గుర్తులు ఎదురెదురుగా కలవాలి.

లెక్క ఎందుకు ముఖ్యమో చూడండి. స్టీరింగ్ మొత్తం మూడున్నర చుట్లు తిరిగే కారులో మధ్య నుంచి ఒకవైపు ఒకటి ముప్పావు చుట్టు. రిబ్బన్‌కు అటు రెండున్నర ఉంటే ముప్పావు చుట్టు మాత్రమే మిగులు. ఒక్క చుట్టు తప్పు పెడితే ఒకవైపు రెండు ముప్పావు కావాలి, అంత రిబ్బన్ లేదు. బాణాలు కలిసినంత మాత్రాన సరిపోదు అనేది ఇందుకే. ప్రతి చుట్టుకూ అవి కలుస్తాయి.

బిగించాక కారు నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ వంకరగా ఉంది. ఏం చేయాలి?

షాఫ్టు పళ్ల మీద చక్రం ఒక పన్ను పక్కకు కూర్చుంది. మళ్లీ బ్యాటరీ తీసి, ఆగి, చక్రాన్ని ఒక పన్ను జరిపి బిగించాలి. అలైన్‌మెంట్ చేయించి సరిచేద్దామనుకుంటే రాక్‌ను టైర్లకు కలిపే టై రాడ్లు అనవసరంగా కదులుతాయి. సరిగ్గా ఉన్న అలైన్‌మెంట్‌ను చక్రం పొరపాటుకు బలి ఇవ్వకండి.

నట్టు ఎంత బిగించాలి?

మాన్యువల్ చెప్పినంత. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో అది సాధారణంగా 33 నుంచి 50 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కొన్నింటిలో నట్టు ఒకసారి విప్పితే కొత్తది వేయమంటారు. అంచనాతో బిగించే చోటు కాదు ఇది.

## పని అయ్యాక

అంతా బిగించాను. ఎయిర్‌బ్యాగ్ లైటు ఇంకా ఆరలేదు. కొత్తది కూడా పాడా?

ముందు ఒక మాట అడగాలి, ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ విప్పి ఉండగా ఎవరైనా తాళం తిప్పారా? తిప్పితే కొత్త కోడ్ నమోదై ఉంటుంది. చాలా కార్లలో పాత కోడ్ కూడా దానంతట అది పోదు, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను చదవగల స్కానర్‌తో చెరపాలి. బ్యాటరీ తీసి పెట్టినంత మాత్రాన ఇది చెరగదు. చెరిపాక అదే కోడ్ వెంటనే తిరిగి వస్తే పసుపు కనెక్టర్ లాక్ పూర్తిగా పడిందో లేదో చూడండి, ఎక్కువ కేసులు అక్కడే తేలతాయి. ఆ తర్వాతే భాగాన్ని అనుమానించండి. మొదటిసారి తాళం తిప్పేటప్పుడు ముఖం, ఛాతీ స్టీరింగ్‌కు దూరంగా, పక్కనుంచి చెయ్యి చాపి తిప్పండి.

హారన్ వచ్చింది కానీ మలుపు తర్వాత ఇండికేటర్ దానంతట అది ఆగడం లేదు.

ఇండికేటర్‌ను వెనక్కి తెచ్చే చిన్న ప్లాస్టిక్ మొన చాలా కార్లలో క్లాక్ స్ప్రింగ్ మీదే ఉంటుంది. వేరే రకానికి చెందిన భాగం పెట్టారు, లేదా అది పూర్తిగా లోపలికి కూర్చోలేదు. చక్రం మళ్లీ తీసి చూడక తప్పదు.

ఈఎస్‌పీ లైటు కొత్తగా వెలిగింది. ఇదేం గొడవ?

ఈఎస్‌పీ, అంటే స్థిరత్వ నియంత్రణ, ఉన్న కొన్ని కార్లలో స్టీరింగ్ కోణాన్ని కొలిచే సెన్సర్ క్లాక్ స్ప్రింగ్‌తో కలిసే ఉంటుంది. భాగం మార్చాక దానికి మధ్య స్థానం ఏదో మళ్లీ నేర్పాలి. కొన్నింటిలో ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను రెండు చివరలకూ తిప్పితే చాలు, కొన్నింటికి స్కానర్ కావాలి.

మళ్లీ తెగకుండా ఏం జాగ్రత్త?

రాక్, కాలమ్, సస్పెన్షన్ పనికి బండి ఇచ్చినప్పుడు స్టీరింగ్‌ను తాడుతోనో సీటు బెల్టుతోనో కదలకుండా కట్టి జాయింట్ విప్పమని చెప్పండి. ముందే చెప్పండి, విప్పాక కాదు. చిరాకు పడే మెకానిక్ ఉంటాడు, పడనివ్వండి.

తీసిన పాత క్లాక్ స్ప్రింగ్‌ను పారేయవచ్చా?

లైటు కొన్ని వారాలు రాకుండా ఉండేదాకా దాచండి, భాగం నంబరు పోల్చడానికి పనికొస్తుంది. అందులో పేలేది ఏమీ లేదు కాబట్టి తర్వాత పారేయవచ్చు. పారేసే ముందు ఒకసారి డబ్బా తెరిచి చూడండి. రిబ్బన్ చివర తెగిపోయి ఉంటేనో, వెనక్కి మడతపడి ఉంటేనో ఎవరో బలవంతంగా తిప్పారు, గత ఏడాది స్టీరింగ్ పని ఎక్కడ చేయించారో గుర్తు తెచ్చుకోండి. మడత దగ్గర గీతలు పడి అరిగి ఉంటే అది వయసు. పాత ఎయిర్‌బ్యాగ్‌ను కూడా మారుస్తుంటే దాన్ని మాత్రం తుక్కు దుకాణానికి వేయకండి, మార్చిన సర్వీస్ సెంటర్‌కే అప్పగించండి.